సెవెర్న్ సొరంగంలో మంచినీళ్ళు

వెనుకటి సంక్రాంతికి కార్డిఫ్‌లో ఒక మిత్రుల ఇంట బొమ్మల కొలువు పేరంటానికి లండన్ నుంచి నాలుగు కుటుంబాలవాళ్ళం కలిసి రైలెక్కాం. పేరంటం ఆడవాళ్ళదే అయినా సంచులు మోయడానికి మగవాళ్ళు కూడా ఉండాలి గదా! బ్రిస్టల్ పార్క్‌వే దాటిన కాసేపటికి రైలు సొరంగంలో ప్రవేశించింది. చెవులు దిబ్బళ్ళు పడ్డాయి. ఎదుటి సీటులో ఉన్న డాక్టరుగారి అబ్బాయి, "అంకుల్, ఇప్పుడు మన నెత్తిమీద నది ఉందా?" అని అడిగాడు.

"ఉంది."

"మరి నీళ్ళు లోపలికి కారవా?"

"ఎందుకు కారవు? రోజుకు సుమారు ఐదు కోట్ల లీటర్లు కారతాయి."

వాళ్ళమ్మగారు అరిసెల డబ్బా ఒళ్ళోకి తీసుకుని గట్టిగా పట్టుకున్నారు. కారేవి చాలావరకు నది నీళ్ళు కావనీ, నేల లోపలి ఊట నీళ్ళనీ, ఉప్పనివి కావు, మంచినీళ్ళేననీ చెబితే అక్కడున్నవాళ్ళెవరూ నమ్మలేదు. కథ మొదలుపెట్టేలోగానే రైలు వెలుతురులోకి వచ్చేసింది. ఆ సొరంగం దాటడానికి పట్టేది నాలుగు నిమిషాలే. తవ్వడానికి పట్టింది మాత్రం పదమూడేళ్ళు.

ఆ రోజు చెప్పలేకపోయింది ఇప్పుడు రాయడానికి మరొక కారణం కూడా ఉంది. 2025 ఫిబ్రవరి 22న మన శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలోకి నీరూ బురదా విరుచుకుపడి ఎనిమిదిమంది లోపల చిక్కుకుపోయారు. నేను ఈ దేశంలో పునాదులు, భూగర్భ కాలువల పనుల్లో ముప్ఫయ్యేళ్ళు గడిపినవాణ్ణి గనుక ఆ వారమంతా స్నేహితులు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. "నేలలో నీళ్ళుంటాయని ఇంజనీర్లకు ముందు తెలియదా?" అన్నది అందరి ప్రశ్న. ఒక్కమాటలో జవాబు చెప్పగలిగేది కాదు. దానికి నాకు మొదటి పాఠం చెప్పినవాడు ఇంజనీరూ కాదు.

మా ఊరు గోదావరి డెల్టాలోది. నాకు పదేళ్ళప్పుడు మా పెదనాన్నగారు దొడ్లో కొత్త నుయ్యి తవ్వించారు. ఆ నేలలో పది పన్నెండడుగులకే జల పడుతుంది. కింద అంతా ఇసక. ఉత్త గొయ్యి తవ్వితే నిలవదు గనుక ఒరలు ఒకదానిమీద ఒకటి పేర్చి, మనిషి లోపల దిగి అడుగున ఇసక తోడి పైకి పంపుతూ ఉంటాడు. ఒరలు తమ బరువుకు తామే మెల్లగా దిగుతాయి. నీళ్ళు చేదలతో తోడుతూనే ఉండాలి. మూడు రోజులైనా పని తెమలకపోయేసరికి పెదనాన్నగారికి విసుగొచ్చి, పొలంలో ఉన్న ఆయిలింజను తెప్పించి పెట్టమన్నారు. నూతిపని మేస్త్రి వద్దన్నాడు. "ఇంజను పెడితే నీళ్ళతోపాటు ఇసకొచ్చేద్దండీ. ఇసకొచ్చేత్తే పైనున్నదంతా కూర్చుండిపోద్దండీ" అన్నాడు. ఆయన వినలేదు. సాయంత్రానికల్లా గొట్టంలోంచి వచ్చే తేట నీరు కాస్తా చిక్కటి బురదనీరైంది. ఒరలు ఒక పక్కకు ఒరిగాయి. పక్కింటివారి పశువులశాల గోడ పైనుంచి కిందికి బీటవారింది. మేస్త్రి లోపలివాణ్ణి పైకి లాగి, ఇంజను ఆపించి, నూతిని నిండనిచ్చాడు. "నిండితే ఆగుద్దండీ" అన్నాడు. ఆగింది. మర్నాటినుంచి మళ్ళీ చేదలే.

ఇదంతా కాకినాడ కాలేజీలో సూత్రాలతో సహా తర్వాత చదువుకున్నాను. నీటిమట్టం కింద ఇసక రేణువుల సందులన్నీ నీటితో నిండి ఉంటాయి. మనం గొయ్యి తవ్వి తోడగానే చుట్టుపక్కల ఉన్న పల్లం అదే అవుతుంది గనుక నాలుగు వైపులనుంచీ నీరు అటే నడుస్తుంది. నెమ్మదిగా నడిస్తే తేటగా వస్తుంది. వేగం హద్దు దాటితే ఇసకను కూడా ఈడ్చుకొస్తుంది. అప్పుడు ఖాళీ అయ్యేది గొయ్యి కాదు, చుట్టూ ఉన్న నేల. నుయ్యి నిండనిస్తే లోపలి బరువు బయటి బరువుతో సరితూగి ప్రవాహం నిలుస్తుంది. సొరంగమైనా, భూగర్భ రైలు స్టేషనైనా, మేడకింద సెల్లారైనా ఇదే సంగతి. ఎంత నీరు వస్తోంది, ఎంత ఒత్తిడితో వస్తోంది, తనతో ఏం తెస్తోంది అన్న మూడూ తెలియకుండా పలుగు వెయ్యకూడదు.

ఈ దేశంలో ఇది రైలుమార్గాల కాలంలో ప్రాణాలు, డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నారు. బర్మింగ్‌హామ్ నుంచి యూస్టన్‌కు వచ్చే మన మిత్రుల్లో చాలామంది కిల్స్‌బీ సొరంగంలోంచి ప్రయాణం చేసి ఉంటారు. 1830ల్లో రాబర్ట్ స్టీఫెన్సన్ ఆ మార్గం వేసేటప్పుడు ముందుగా పరీక్షకోసం బోర్లు వేసి చూశారు. గట్టి నేల తగిలింది. కాని ఆ బోర్ల మధ్యనే నీటితో నిండిన ఇసక పొర ఒకటి ఎవరికీ చిక్కకుండా ఉండిపోయింది. పని మొదలయ్యాక అది తగిలి సొరంగం మునిగిపోయింది. స్టీఫెన్సన్ అప్పుడు సొరంగంలో నీటిని వదిలేసి, దాని పక్కన వరసగా బావులు దించి, పదమూడు ఆవిరి ఇంజన్లతో నిమిషానికి 1,800 గాలన్ల చొప్పున నెలల తరబడి తోడించాడు. సొరంగంలోకి వచ్చిన నీటిని కాదు, సొరంగంలోకి రాబోయే నీటిని తోడించాడు. ఆ తేడా ఎంతో పెద్దది. నేడు పునాది గోతుల చుట్టూ గొట్టపు బావులు వేసి మట్టం దించే పద్ధతికి మూలం ఆ యోచనే.

ఇక సెవెర్న్ సంగతి. వేల్స్ బొగ్గు లండన్‌కు, దక్షిణాది రేవులకు రావాలంటే సెవెర్న్ నదీముఖం చుట్టి గ్లాస్టర్ మీదుగా రావాలి, లేదా బండ్లలోంచి పడవల్లోకి, పడవల్లోంచి బండ్లలోకి ఎత్తి దించాలి. గ్రేట్ వెస్టర్న్ రైల్వేవారు నది కింద నాలుగు మైళ్ళ పైచిలుకు సొరంగం తలపెట్టి 1873లో పని ప్రారంభించారు. ఇంజనీరు చార్లెస్ రిచర్డ్‌సన్. అక్కడి పోటుపాట్లు ప్రపంచంలోకెల్లా పెద్దవాటిలో చేరినవి. పెద్ద పోటునాడు నీరు 14 మీటర్ల దాకా లేస్తుంది. పైగా థేమ్స్ కింద బ్రూనెల్ తవ్విన సొరంగంలోకి 1827లో ఒకసారి, 1828లో ఒకసారి నది దూరడం, రెండోసారి ఆరుగురు చనిపోవడం ఇంజనీర్లు మరచిపోయిన సంగతి కాదు. అందుచేత అందరి కళ్ళూ నదిమీదే ఉన్నాయి.

ఆరేళ్ళు గడిచాయి. నది కింద రెండువైపులనుంచీ వస్తున్న చిన్న మార్గాలు కలవడానికి 130 గజాలే మిగిలింది. 1879 అక్టోబరులో నీళ్ళు విరుచుకుపడ్డాయి. నది కింద కాదు! వేల్స్ ఒడ్డున సడ్‌బ్రూక్ షాఫ్టు నుంచి నేలవైపుకు, అంటే నదికి వ్యతిరేక దిశలో తవ్వుతున్న మార్గంలో సున్నపురాతి పగులు ఒకటి తగిలి, దానిలోంచి పెద్ద ఊట బద్దలైంది. ఇరవైనాలుగు గంటల్లో ఆ షాఫ్టుకు చేరిన మార్గాలన్నీ నిండిపోయాయి. మనుషులు ప్రాణాలతో బయటపడ్డారు. నీరు మంచినీరు. దానికి 'మహా ఊట' అనే పేరు స్థిరపడిపోయింది. చుట్టుపక్కల బావులు, చెలమలు ఎండిపోయాయి. నెడ్డెర్న్ అనే వాగు అడుగున ఇంకిపోయి ఊటకు మేత పెడుతున్నదని కూడా తర్వాత తేలి, దాని అడుగున కాంక్రీటు పరిపించారు. మా పెదనాన్నగారి ఇంజను పక్కింటి గోడను పగలగొట్టినట్టే ఇక్కడ సొరంగం పక్క ఊళ్ళ నూతులను తాగేసింది. సొరంగం పనికి హద్దురాళ్ళుంటాయి గాని నీటికి ఉండవు.

కంపెనీవారు అరవయ్యెనిమిదేళ్ళ సర్ జాన్ హాక్‌షాను చీఫ్ ఇంజనీరుగా నియమించారు. ఆయన థామస్ వాకర్ అనే కంట్రాక్టరుకు పని ఇప్పించాడు. ఈ వాకర్ 1888లో ఈ సొరంగం కథ అంతా పుస్తకంగా రాశాడు. తప్పులు, భయాలు కూడా దాచకుండా రాసిన కంట్రాక్టరు నాకు తెలిసినంతలో ఆయనొక్కడే.

మొదట మునిగినదాన్ని తోడాలి. తోడుతున్నకొద్దీ పంపులు విరుగుతున్నాయి. నది కిందకు పోయే మార్గంలో షాఫ్టునుంచి వెయ్యి అడుగుల దూరాన ఒక ఇనుప తలుపు ఉంది. పారిపోయే తొందరలో దాన్ని మూయకుండా వదిలేశారు. అది మూస్తే అటునుంచి వచ్చే నీరు ఆగి పంపులకు కొంత తెరిపి. కాని అది నీటిలో ఉంది. 1880 నవంబరులో అలెగ్జాండర్ లాంబర్ట్ అనే గజ ఈతగాడు గాలి గొట్టం తగిలించుకుని దిగాడు. చీకటి. కింద పడిపోయిన తోపుడు బండ్లు, పనిముట్లు, పైన తేలుతూ కప్పును ఆనుకున్న కొయ్యలు. వెనక ఇద్దరు గొట్టాన్ని అందిస్తున్నా తలుపు దాపుకు వచ్చాక ఆ బరువు లాగలేక వెనక్కి తిరిగాడు. అప్పుడు హెన్రీ ఫ్ల్యూస్ అనే ఆయన, గొట్టం అక్కరలేకుండా వీపున ఆక్సిజన్ మోసుకుపోయే కొత్త పరికరం తెచ్చాడు. దాన్ని కనిపెట్టినవాడు తానే దిగి చూసి, తన వల్ల కాదని వచ్చేశాడు. లాంబర్ట్ దాన్ని తగిలించుకుని వెళ్ళాడు. తలుపుకు అడ్డంగా రెండు పట్టాలున్నాయి. ఒకటి పీకి తిరిగివచ్చాడు. మళ్ళీ వెళ్ళి రెండోది పీకి, తలుపు మూసి, గోడలో ఉన్న వాల్వును తనకు చెప్పినన్ని చుట్లు తిప్పి గంటకు పైగా గడిచాక పైకి వచ్చాడు.

నీరు దిగింది గాని అనుకున్నంత త్వరగా దిగలేదు. తీరా డిసెంబరులో మనుషులు అక్కడికి నడిచివెళ్ళి చూస్తే, ఆ వాల్వు మర ఎడమచేతివాటంది. పాపం, ఆయన మూస్తున్నాననుకుని పూర్తిగా తెరిచి వచ్చాడు! అంత ప్రాణగండానికి తెగించినవాడికి మర ఎటు తిరుగుతుందో చెప్పాలని పైన ఉన్నవాళ్ళెవరికీ తోచలేదు. నా ఉద్యోగ జీవితంలో ప్రతి పంపుగదిలోనూ వాల్వుమీద బాణం గుర్తు పెద్దదిగా రంగుతో వేయించేవాణ్ణి. కుర్రాళ్ళు నవ్వుకునేవారు. కారణం ఇదే.

మహా ఊట ఉన్న మార్గానికి గోడ కట్టి మూసేసి పని సాగించారు. 1881లో ఇంగ్లండు వైపున ఉప్పునీరు దిగింది. అంటే ఈసారి నిజంగా నదే. పాటు సమయంలో పైన 'సాల్మన్ పూల్' అనే మడుగు మిగులుతుంది. కన్నం అందులో ఎక్కడుందో తెలియదు. పనివాళ్ళను చేయీ చేయీ పట్టించి వరసగా ఆ మడుగులో నడిపించారు. ఉన్నట్టుండి ఒకడు బుడుంగుమని మునిగాడు. పక్కవాళ్ళు పైకి లాగారు. కన్నం దొరికింది! బంకమన్ను సంచులతో పూడ్చారు.

1883 అక్టోబరు 10న మూసిన ఊట మరోచోట పగిలి మునుపటికంటే ఉధృతంగా వచ్చింది. మళ్ళీ లాంబర్ట్‌నే పిలిచారు. వారం తిరక్కుండా 17వ తేదీ రాత్రి గాలివానతో వచ్చిన పోటు కట్టలు దాటి ఒక షాఫ్టులోకి పడింది. లోపల 83 మంది. వాళ్ళు వెనక్కి వెనక్కి జరిగి, ఎత్తుగా ఉన్న పరంజాల మీదికెక్కి కూర్చుంటే, పైనుంచి షాఫ్టులో చిన్న పడవ దించి, అడ్డొచ్చిన దూలాలు రంపంతో కోసుకుంటూ వెళ్ళి వాళ్ళను బయటికి చేర్చారు. ఇదంతా చదివాక, నీరు ఒక్క దారినే వస్తుందని ఎవరన్నా నేను నమ్మను. కిందినుంచి, పక్కనుంచి, నది అడుగునుంచి, చివరకు పైన మెట్లదారి నుంచి కూడా వచ్చింది.

అంతా అయ్యాక అసలు కథ ఉంది. ఊటకు పక్కగా మరొక చిన్న మార్గం తవ్వి నీటిని అటు మళ్ళించి, పగులున్న భాగంలో సొరంగానికి దళసరి ఇటుక కట్టుబడి పూర్తిచేశారు. మొత్తం సొరంగానికి ఏడున్నర కోట్ల పైన ఇటుకలు పట్టాయి. 1885 చివర, ఇంత గట్టిగా కట్టాం గదా అని ఊటను పూర్తిగా బిగించి చూశారు. వెనక ఒత్తిడి రోజురోజుకూ పెరిగింది. చదరపు అంగుళానికి 57 పౌన్లకు చేరింది, అంటే దాదాపు నలభై మీటర్ల ఎత్తు నీటిస్తంభం బరువు. ఇటుకలు చిట్లి పెచ్చులు రాలసాగాయి. కీళ్ళలోంచి నీరు చిమ్మింది. వాకర్, హాక్‌షాలు అక్కడ పంతానికి పోలేదు. వాల్వులు తెరిపించారు. 29 అడుగుల వ్యాసంతో కొత్త షాఫ్టు దింపి, పెద్ద పెద్ద ఆవిరి పంపులు పెట్టి, ఆ ఊటను ఎప్పటికీ తోడుతూనే ఉండాలని నిశ్చయించుకున్నారు. 1886 డిసెంబరు 1 నుంచి ప్రయాణికుల రైళ్ళు నడిచాయి. 1961లో ఆవిరి పంపుల స్థానంలో విద్యుత్ పంపులు వచ్చాయి. తోడడం మాత్రం నేటికీ ఆగలేదు. ఆ నీటితో సడ్‌బ్రూక్‌లో ఒక కాగితం మిల్లు 2006లో మూతపడేదాకా నడిచింది కూడా.

నాకు ఇందులో గొప్పగా తోచేది సొరంగం కట్టడం కాదు, ఆ వాల్వులు తిరిగి తెరవడం. పన్నెండేళ్ళు కష్టపడి, అంత ఖర్చు పెట్టినవాళ్ళు "ఇది మూతపడదు, దారి ఇవ్వాల్సిందే" అని ఒప్పుకోవడం సామాన్యం కాదు. పంపుల ఖర్చు తరతరాలకూ తగులుకుంటుందని వాళ్ళకు తెలుసు.

ఇప్పుడు మన శ్రీశైలం. జలాశయం నుంచి కృష్ణ నీటిని ఫ్లోరైడు పీడిత నల్లగొండ ప్రాంతానికి తీసుకుపోవాలని తలపెట్టిన సొరంగం పొడవు దాదాపు 44 కిలోమీటర్లు. పైన పులుల అభయారణ్యం. అందుచేత సెవెర్న్‌లో మాదిరిగా మధ్యమధ్య షాఫ్టులు దింపే వీలు లేకపోయింది. పైనుంచి బోర్లు వేసి రాతిని పరీక్షించడం కూడా అంత తేలిక కాదు. దోమలపెంట వైపు ముఖద్వారం నుంచి దాదాపు 14 కిలోమీటర్ల లోపల యంత్రం పనిచేస్తోంది. లోపలికైనా బయటికైనా అదొక్కటే దారి. నీటితోపాటు బురద, రాళ్ళు వచ్చి యంత్రం వెనుక భాగాన్ని కప్పేశాయి. సైన్యం వచ్చింది, 2023లో ఉత్తరకాశీ సొరంగంలో 41 మందిని కాపాడిన ఎలుకబొరియల పనివారు వచ్చారు, సింగరేణి రక్షణదళం వచ్చింది. ఏప్రిల్ దాకా వెతికితే రెండు దేహాలే దొరికాయి. పోయినవారు జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ కాశ్మీర్‌ల నుంచి పని వెతుక్కుంటూ మన నేలకు వచ్చినవారు. పొట్టచేత పట్టుకుని పరాయిచోటికి రావడమంటే ఏమిటో ఈ పత్రిక చదివేవారికి నేను చెప్పనక్కరలేదు.

కారణాలు తేల్చడం విచారణ జరిపేవారి పని. కాని "ముందు తెలియదా?" అన్న ప్రశ్నకు నా జవాబు ఇది: ముందు పూర్తిగా తెలియదు గనుకనే తవ్వుతున్నంతసేపూ తెలుసుకుంటూ ఉండాలి. సింగరేణివాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. పాత గనుల్లో నిలిచిన నీటికి 60 మీటర్ల దాపుకు వస్తే ముందుకు సన్నటి బోర్లు వేసి చూడకుండా కదలకూడదన్నది బొగ్గు గనుల నిబంధన. 1975 డిసెంబరు 27న చస్‌నాలాలో 370 మందికి పైగా, 2003 జూన్‌లో గోదావరిఖనిలో 17 మంది నీటివాతబడ్డారు. రాతి సొరంగాల్లోనూ ఇదే పద్ధతి. యంత్రం ముందు పొడవాటి సన్న బోర్లు వేస్తారు. నీరు చిమ్మితే అక్కడ ఆగి, సిమెంటు పాలు ఒత్తిడితో ఎక్కించి రాతి పగుళ్ళు మూస్తారు, లేదా గొట్టాలు వేసి నీరు మెల్లగా దిగిపోనిస్తారు. బయట నేలలో సన్నగొట్టాలు దించి నీటిమట్టం రోజూ కొలుస్తారు. అవసరానికి మించి పంపులు, వాటికి వేరే కరెంటు దారి సిద్ధంగా ఉంచుతారు. ఇవన్నీ పనిని నెమ్మదింపజేసేవే. బోరు వేసినంతసేపూ తవ్వకం ఆగుతుంది, ఆగితే డబ్బు ఖర్చవుతుంది. అక్కడే మా పెదనాన్నగారి విసుగు అందరికీ వస్తుంది. వీటన్నిటికంటే చవకైన పరీక్ష మరొకటి ఉంది: వచ్చే నీటిని రోజూ ఒక గాజు సీసాలో పట్టి పక్కన పెట్టడం. నిన్నటి సీసా అడుగున లేని మట్టి ఇవాళ్టి సీసా అడుగున పేరుకుంటే, మనుషుల్ని ముందు బయటికి పంపి తర్వాత ఆలోచించాలి.

కార్డిఫ్ నుంచి తిరుగు ప్రయాణంలో డాక్టరుగారి అబ్బాయి నా పక్కకే వచ్చి కూర్చున్నాడు. సొరంగం రాగానే, "పంపులు ఆగిపోతే ఏమవుతుంది అంకుల్?" అన్నాడు.

"వేరే పంపులు పెట్టారు."

"అవి కూడా ఆగిపోతే?"

"అప్పుడు నీళ్ళు పట్టాలమీదికి రాకముందే రైళ్ళు ఆపేస్తారు."

కాసేపు లెక్కలు వేసుకుని, "మరి పంపులు చూసే ఆయనకు సంక్రాంతికి సెలవిస్తారా?" అని అడిగాడు. వాళ్ళమ్మగారు నవ్వారు గాని నాకు అది మంచి ప్రశ్నగానే తోచింది. వేసవి వనభోజనాలు ఈసారి వేల్స్ వైపు పెట్టుకుందామని కార్యదర్శిగారు అంటున్నారు. సెవెర్న్ టన్నెల్ జంక్షన్‌లో దిగితే సడ్‌బ్రూక్ ఎంతో దూరం లేదు. వాకర్ పనివాళ్ళకోసం కట్టించిన ఇళ్ళు, నది ఒడ్డున ఎర్రటి పంపుల భవనం చూడవచ్చు. పులిహోర పొట్లాలు కట్టుకుని వచ్చేవాళ్ళు కార్యదర్శిగారికి ముందుగా పేరివ్వగలరు. ఆ అబ్బాయి ఇప్పటికే ఇచ్చాడు.